అతిశీఘ్ర కాంతియు, అల్పవ్యయ ప్రయోగశాలయు



హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, కొన్ని దశాబ్దముల క్రిందట బండరాళ్లును చిట్టడవియు హెచ్చుగా నుండిన మాదాపురము, రాయదుర్గము, గచ్చిబౌలి ప్రాంతము నేడు హైటెక్ సిటీ యనియు సైబరాబాదు అనియు ప్రసిద్ధి గాంచినది. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. అటుతరువాత లేచిన భవనములు లెక్కకు మిక్కిలి. వానిలోని కంప్యూటరులు దూరదేశములతో మాటలాడునది ముఖ్యముగా రాగితీగలలోని విద్యుత్తుచే గాదు. తలవెండ్రుకవలె సన్నని గాజునారలలో పరుగిడు కాంతిచేతనే. సందేశమంతయు కాంతి యొక్క చిన్నచిన్న మినుకులుగా మాఱి సముద్రములను దాటిపోవుచున్నది.

ఆ భవనములకు కొలది దూరముననే, 1974లో స్థాపితమై ఇప్పుడు గచ్చిబౌలిలో నున్న హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. దాని భౌతికశాస్త్ర విభాగమున లేసరు కాంతిని గూర్చి పలు సంవత్సరములుగా పరిశోధనలు సాగుచున్నవి. రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థ సహాయముతో ఆ విశ్వవిద్యాలయమున నేర్పడిన అధికశక్తి పదార్థముల పరిశోధన కేంద్రములో, అత్యల్పకాలము మాత్రమే వెలుగు లేసరు కాంతితో పేలుడు పదార్థముల ఆనవాళ్లను గుర్తించు పద్ధతులను శోధించిరి. గోపనపల్లిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి హైదరాబాదు కేంద్రమునందును ఇట్టి కాంతితోడి ప్రయోగములు జరుగుచున్నవి.

ఒక ప్రక్క కాంతిచే బ్రదుకు భవనములు. ఒక ప్రక్క కాంతిని శోధించు విద్యాసంస్థలు. ఈ రెంటి నడుమ నున్న మామూలు డిగ్రీ కళాశాల విద్యార్థి మాత్రము, సోడియము దీపమును, స్పెక్ట్రోమీటరును ముందిడుకొని, పూర్వులు వ్రాసిన రికార్డును చూచి తానును వ్రాసికొనుచున్నాడు. అతిశీఘ్ర లేసరు అను మాట అతనికి వార్తాపత్రికలో మాత్రమే కానవచ్చును. కారణ మడిగినచో, "ఆ యంత్రము వెల లక్షలు, కోట్లు; మన కళాశాలకు దక్కునా?" యని యందురు. ఈ మాట కొంత నిజము, కొంత నిజము కాదు. లేసరు యంత్రము వెల గలదియే. కాని ఆ శాస్త్రములోని మూలభావము వెల గలది కాదు. దానిని నేర్పుటకు వలయు ముఖ్యమైన పరికరము అనేక కళాశాలల బీరువాలలో ఇప్పుడే యున్నది. ఈ సంగతిని సావకాశముగా వివరింప బూనుచున్నాను.

మొదట కాలపరిమాణమును గూర్చి రెండు మాటలు. మన పెద్దలు అల్పకాలమును చెప్పవలసినపుడు "రెప్పపాటు" అందురు. రెప్పపాటు సుమారు సెకండులో మూడవవంతు. సెకండును వేయి భాగములు చేసిన నొకటి మిల్లీసెకండు. దానిని వేయి చేసిన మైక్రోసెకండు. మఱల వేయి చేసిన నానోసెకండు. ఇంకను వేయి చేసిన పికోసెకండు. దానిని గూడ వేయి భాగములు చేసిన ఒక భాగమే ఫెమ్టోసెకండు. ఇట్లు చెప్పినను ఆ సూక్ష్మత మనస్సునకు పట్టదు. కావున మఱొక విధముగా చూతము. ఒక ఫెమ్టోసెకండు ఒక సెకండునకు ఎంతటిదో, ఒక సెకండు సుమారు 3 కోట్ల 17 లక్షల సంవత్సరములకు అంతటిది. అణువులు ఒండొంటితో కలియుట, విడిపోవుట మొదలగు పనులు ఈ కాలములోనే జరుగును. వానిని చూడగోరువాడు అంత స్వల్పకాలము మాత్రమే వెలుగు దీపమును సంపాదింపవలెను.

1878లో అమెరికా దేశమున ఈడ్వియర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాచిత్రకారుడు పరుగిడు గుఱ్ఱమును వరుసగా చిత్రములు తీసి, ఒక క్షణమున దాని నాలుగు కాళ్లును నేలను విడిచియుండునని చూపెను. కంటికి అందని చలనమును స్వల్పకాలపు చిత్రము పట్టియిచ్చినది. 1960లో థియోడోర్ మైమన్ మొదటి లేసరును వెలిగించిన పిమ్మట ఇదే యుపాయము అణువులవఱకు దిగినది. ఫెమ్టోసెకండు కాంతితో రసాయన క్రియలను చూచినందులకు అహమ్మద్ జెవైల్‌కు 1999లో నోబెలు బహుమానము లభించెను. స్వల్పస్పందములను మొదట సాగదీసి, పిదప బలపఱచి, కడపట మఱల కుదించు ఉపాయమును 1985లో ప్రకటించిన జెరార్డ్ మూరూ, డోనా స్ట్రిక్‌లాండు అనువారికి 2018లో ఆ గౌరవము దక్కెను. 2023లో ఫెమ్టోసెకండు కంటెను సూక్ష్మమైన ఆటోసెకండు స్పందములకొఱకు పియర్ ఆగొస్తీని, ఫెరెంక్ క్రౌస్, ఆన్ లుయీయే అను మువ్వురు దానిని పొందిరి. నేడు కంటి శుక్లపటలమును సున్నితముగా కోయుటకు నేత్రవైద్యులు వాడు లేసరులలో ఫెమ్టోసెకండు లేసరు ఒకటి.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చుచున్నది. ఇంత స్వల్పమైన స్పందమును సృష్టించితి మనుకొందము. అది నూఱు ఫెమ్టోసెకండులా, వేయి ఫెమ్టోసెకండులా యని కొలుచు టెట్లు? గడియారమునకు అందదు. విద్యుత్ పరికరములు ఎంత వేగమైనవైనను పికోసెకండుల యొద్దనే అలసి నిలిచిపోవును. కొలువబడు వస్తువు కంటె కొలబద్ద సూక్ష్మముగా నుండవలెను గదా! ఫెమ్టోసెకండుకంటె సూక్ష్మమైన గడియారమును మనమెక్కడ తేగలము?

దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న సమాధానము అతి సులభమైనది; చిన్నతరగతి విద్యార్థికి గూడ బోధపడునది. కాంతి ఒక సెకండులో సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అనగా ఒక నానోసెకండులో 30 సెంటీమీటర్లు, ఒక పికోసెకండులో మిల్లీమీటరులో పదింట మూడు వంతులు, ఒక ఫెమ్టోసెకండులో మైక్రోమీటరులో పదింట మూడు వంతులు మాత్రమే పోవును. కావున కాంతిని ఒక ఫెమ్టోసెకండు ఆలస్యముగా రప్పింపవలెనన్నచో, దాని దారిని ఆ కొంచెము పొడిగించిన చాలును. కాలమును గడియారముతో కాక కొలబద్దతో కొలువవచ్చును! ఒకే వేగముతో నడచు రెండు బండ్లు ఒకేమాఱు ఒక ఊరినుండి బయలుదేఱి, వేఱువేఱు దారుల పోయి, మఱొక ఊరు చేరినచో, ఒకటి ఎంత ఆలస్యముగా వచ్చెనో తెలియుటకు గడియార మక్కఱలేదు. దారుల పొడవుల భేదము తెలిసిన చాలును. అతిశీఘ్ర కాంతిశాస్త్రమునకు ఇదియే మూలసూత్రము.

కాంతిని రెండు దారులలో నడిపి మఱల కలుపు పరికరమును ఆల్బర్ట్ మైకెల్సన్ 1881లో నిర్మించెను. దానినే మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటరు అందురు. దాని నిర్మాణము సరళము. సగము కాంతిని త్రిప్పిపంపి సగము కాంతిని సాగనిచ్చు గాజుపలక యొకటి; రెండు అద్దములు; అందులో ఒక అద్దమును ముందువెనుకలకు జరుపు సన్ననిమఱ. రెండు దారుల తిరిగివచ్చిన కాంతి కలిసినపుడు, తరంగశిఖరము శిఖరముతో కలిసినచో వెలుగును, శిఖరము పల్లముతో కలిసినచో చీకటియు గలిగి, వెలుగు చీకటుల పట్టీలు కానవచ్చును. అద్దము అరతరంగదైర్ఘ్యము జరిగినపుడెల్ల ఒక పట్టీ దాటిపోవును.

మన డిగ్రీ కళాశాలలలో ఈ పరికరముతో సోడియము దీపపు రెండు పసుపు రేఖల భేదమును కొలుచు ప్రయోగము చిరకాలముగా నున్నది. ఆ రేఖల తరంగదైర్ఘ్యములు 589.0 నానోమీటర్లు, 589.6 నానోమీటర్లు. అద్దమును మెల్లగా జరుపుచుండగా పట్టీలు ఒకచోట స్ఫుటముగా కనబడి, పిదప మాసిపోయి, అద్దము సుమారు 0.29 మిల్లీమీటరు జరిగినపుడు మఱల స్ఫుటమగును. విద్యార్థి ఈ దూరమును వ్రాసికొని, సూత్రములో వేసి, రేఖల భేదమును గణించి, మార్కులు పొందును. అంతటితో ప్రయోగము ముగిసిన దనుకొనును.

కాని ఆ దూరమునే కాలముగా మార్చి చూడుడు. అద్దము 0.29 మిల్లీమీటరు జరిగినచో కాంతి పోయివచ్చు దారి 0.58 మిల్లీమీటరు పెరుగును. అంత దారికి కాంతికి పట్టు కాలము సుమారు 1.93 పికోసెకండులు. దగ్గఱి శ్రుతులుగల రెండు శ్రుతిదండములను మ్రోగించినపుడు నాదము హెచ్చుచు తగ్గుచు విస్పందనములు వినబడుట మీరెఱుగుదురు. సోడియము యొక్క రెండు పసుపు రంగులును అట్లే విస్పందించుచున్నవి. సెకండునకు సుమారు 52,000 కోట్ల మాఱులు! ఒక్కొక్క విస్పందనమునకు పట్టు కాలమే ఆ 1.93 పికోసెకండులు. ఏ గడియారమునకును అందని ఆ కాలమును మన విద్యార్థి ఇత్తడి మఱతోను, తన కంటితోను ప్రతి సంవత్సరము కొలుచుచునే యున్నాడు. తాను కొలిచినది కాలమని అతనికి చెప్పినవారు మాత్రము అరుదు. ఈ ఒక్కమాట చెప్పుటకు కళాశాలకు పైసా వ్యయము లేదు.

ఇక రెండవ మెట్టు. సోడియము దీపమునకు మాఱుగా, కొలది రూపాయల వెలగల ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపమును వాడుడు. దాని కాంతి ఒకే తరంగదైర్ఘ్యము గలది కాదు. 630 నానోమీటర్ల చుట్టును సుమారు 20 నానోమీటర్ల వెడల్పున వ్యాపించియుండును. ఇట్టి కాంతితో పట్టీలు ఎల్లచోటుల కానరావు. రెండు దారులును ఇంచుమించు సమానమైనపుడు మాత్రమే కనబడి, భేదము సుమారు 20 మైక్రోమీటర్లు కాగానే మాసిపోవును. కాలములో చెప్పినచో అది సుమారు 66 ఫెమ్టోసెకండులు. అద్దము జరుగవలసినది 10 మైక్రోమీటర్లే; ఆలోపల 32 పట్టీలు మాత్రము దాటును. విద్యార్థి వానిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. పట్టీలుండు చోటు మిక్కిలి యిఱుకు గనుక తిన్నగా ఎల్.ఇ.డి.తో వెదకిన దొరకదు. ముందు సోడియము దీపముతో పట్టీలను చూచి, వలయములు పెద్దవై సరళరేఖలగు దిక్కునకు అద్దమును జరుపుచు, దారులు సమానమగు తావును సమీపించి, అప్పుడు దీపమును మార్చి, మఱను మెల్లమెల్లగా త్రిప్పవలెను. దీనికి కావలసినది ధనము కాదు, ఓపిక.

మూడవ మెట్టున మామూలు తెల్లని కాంతిని వాడుడు. అప్పుడు మధ్యను ఒక పట్టీ, దాని కిరువైపుల రంగురంగుల పట్టీలు రెండు మూడు మాత్రమే కానవచ్చి, తక్కినవన్నియు కలిసిపోవును. దారుల భేదము ఒక మైక్రోమీటరు, అనగా మూడు ఫెమ్టోసెకండులు, దాటగానే వ్యతికరణము కంటికి మఱుగగుచున్న దన్నమాట. ఈ మూడు మెట్లను వరుసగా ఎక్కిన విద్యార్థి ఒక గొప్ప నియమమును తనంతట కనుగొనును: కాంతిలోని రంగుల వ్యాప్తి ఎంత వెడల్పో, దాని కాలపుగుర్తు అంత కుఱుచ. తంబుర శ్రుతి ఒకే స్వరమున చిరకాలము నిలుచును; డప్పుపై కొట్టిన దెబ్బ క్షణకాలమే యుండును గాని దానిలో అనేక స్వరములు కలిసియుండును. కాంతికిని ఇదే ధర్మము. 800 నానోమీటర్ల యొద్ద నూఱు ఫెమ్టోసెకండుల స్పందము కావలెనన్న, కనీసము తొమ్మిది నానోమీటర్లకు మించిన వర్ణవ్యాప్తి యుండితీరవలెను. వర్ణవ్యాప్తిని చూచుటకు గ్రేటింగు లేనిచో, పాతబడిన సి.డి. పలక చాలును, దాని గీతల నడుమ దూరము 1.6 మైక్రోమీటర్లు.

తెల్లని కాంతితో ప్రయోగము చేయునపుడు మఱొక పాఠమును దొరకును. మైకెల్సన్ పరికరములో కాంతిని చీల్చు పలకయేగాక, దానికి సమానమైన మందముగల మఱొక గాజుపలక ఉండును. అది యేల యని అడిగిన ననేకులు "సరిచేయుటకు" అని మాత్రము చెప్పుదురు. సోడియము కాంతికి అది లేకున్నను పట్టీలు కనబడును. తెల్లని కాంతికి మాత్రము అది లేనిదే స్ఫుటమైన పట్టీలు రావు. గాజులో ఎఱ్ఱని కాంతి కొంచెము వేగముగను, నీలికాంతి కొంచెము మెల్లగను పోవుటయే దీనికి కారణము. ఒక దారిలో గాజు హెచ్చైనచో రంగులు ఒండొంటినుండి విడివడి వెనుకబడును. ఈ దోషమే అతిశీఘ్ర లేసరు పరిశోధకులకు నిత్యశత్రువు. 800 నానోమీటర్ల యొద్ద పది ఫెమ్టోసెకండుల స్పందము ఒక్క సెంటీమీటరు మందముగల మామూలు కటకపు గాజును దాటినంతనే సుమారు 120 ఫెమ్టోసెకండులకు సాగిపోవును. నూఱు ఫెమ్టోసెకండుల స్పందమో, అదే గాజును ఇంచుమించు చెక్కుచెదరక దాటును. వర్ణవ్యాప్తి హెచ్చుగల కుఱుచ స్పందమునకే ఈ బాధ హెచ్చు.

ఇంతవఱకు చెప్పినదానిని విని, "అట్లయిన లేసరే యక్కఱలేదు, ఎల్.ఇ.డి.యే ఫెమ్టోసెకండు దీపము" అని మీరు భ్రమపడరాదు. ఇచ్చట సత్యమును దాచరాదు. ఎల్.ఇ.డి. కాంతి స్పందము కాదు; అది ఎల్లప్పుడును వెలుగుచునే యున్నది. జాతరలో జనులు నానారంగుల బట్టలు కట్టి ఎవరిదారిని వారు తిరుగుచుందురు. అదే జనులు బాజాకు తగినట్లు ఒకేమాఱు అడుగువేసి ఊరేగింపుగా వచ్చిన ఆ దృశ్యము వేఱు. రంగులు మాత్రము రెంటియందును అవియే. సాధారణమైన వ్యతికరణము రంగుల వ్యాప్తిని చెప్పగలదు గాని, రంగులన్నియు అడుగు కలిపి వచ్చుచున్నవా, చెల్లాచెదరుగా తిరుగుచున్నవా యన్నది చెప్పజాలదు. ఆ భేదమును చూపునట్టి కన్ను వేఱొకటి కావలెను.

ఆ కన్ను రెండు ఫోటానులను ఒకేమాఱు మ్రింగునది. సిలికాను ఫోటోడయోడు పనిచేయుటకు 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావలెను. 1550 నానోమీటర్ల కాంతిలోని ఫోటాను శక్తి 0.8 మాత్రమే, ఒకటి వచ్చిన ఫోటోడయోడు కదలదు. రెండు ఒకే క్షణమున వచ్చినచో 1.6 అగును గనుక కదలును. అట్లే 800 నానోమీటర్ల ఫోటాను శక్తి 1.55, ఎఱ్ఱని ఎల్.ఇ.డి.ని వెలిగింపక కాంతిగ్రాహకముగా వాడినచో దానికి సుమారు 1.9 కావలెను, ఒకటి చాలదు, రెండు చాలును. ఎల్.ఇ.డి.ని ఇట్లు ఫెమ్టోసెకండు స్పందములను కొలుచు సాధనముగా వాడవచ్చునని స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1997లో ప్రకటించిరి. అంతకు పూర్వము దీనికి వెలగల స్ఫటికములును సున్నితమైన గ్రాహకములును వాడుచుండిరి. బజారులో దొరకు చిన్న దీపమే ఆ పనికి చాలినది.

ఈ కొలత సరియైనదో కాదో తెలియుటకు ఒక చిన్న లెక్క కలదు. హైస్కూలు విద్యార్థులును చేయవచ్చును. ఒక్కొక్క స్పందపు తరంగము ఎత్తు 1 అనుకొనుడు. తీవ్రత ఎత్తు యొక్క వర్గము. రెండు ఫోటానుల గ్రాహకము చూపునది తీవ్రత యొక్క వర్గము. రెండు స్పందములు ఎడముగా వచ్చినచో 1కి 1 కలిపి 2. రెండును సరిగా కలిసివచ్చినచో ఎత్తు 2, తీవ్రత 4, దాని వర్గము 16. పదునాఱును రెంటిచే భాగించిన 8. మామూలు గ్రాహకమైనచో 4ను 2చే భాగించిన 2 మాత్రమే. కావున శిఖరము అడుగుకంటె ఎనిమిదింతలైనచో, అద్దములు సరిగా నమరినవనియు, కాంతి నిజముగా స్పందములుగా వచ్చుచున్నదనియు తెలియును. ఎల్లప్పుడు వెలుగు కాంతికి ఈ ఎనిమిది రాదు. దాని రెండు భాగములు ఎన్నడును ఒండొంటిని విడిచి ఒంటరిగా నుండవు గదా!

గ్రాహకము చౌక, అద్దములును చౌక. మిగిలినది లేసరు ఒక్కటే. టైటానియము కలిపిన నీలమణి స్ఫటికముతో చేయు లేసరు వెల సాధారణ కళాశాలకు మించినది. ఎర్బియము కలిపిన గాజునారతో చేయు లేసరు అంత వెల గలది కాదు. ఏలయన దాని యంగములు దూరసందేశముల పనికై విరివిగా తయారగుచున్నవి. హైటెక్ సిటీ సందేశములను సముద్రగర్భమున నడుమనడుమ బలపఱచునదియు ఈ ఎర్బియపు గాజునారయే. దాని కాంతి 1550 నానోమీటర్ల యొద్దనే యుండుటచే, పైన చెప్పిన సిలికాను ఫోటోడయోడు దానికి సరిపోవును. ఐనను ప్రతి కళాశాలయు దీనిని కొనవలె నను నియమము లేదు. మొదటి మూడు మెట్లు ప్రతి కళాశాలలోను, కడపటి మెట్టు మాత్రము విశ్వవిద్యాలయములోను ఏర్పఱచి, సంవత్సరమున ఒక దినమైనను విద్యార్థులను అచ్చటికి పంపినచో పని నెఱవేరును. మూడు మెట్లెక్కి వచ్చినవాడు ఆ దినమున ఎనిమిదింతల శిఖరమును చూచినచో దాని యర్థమును గ్రహించును. ఏ మెట్టును ఎక్కనివాడు అదే యంత్రమును చూచి, మెఱపు దీపములను చూచినట్లు చూచి వెడలిపోవును.

గ్రాహకపు విద్యుత్తును కంప్యూటరులో నమోదు చేయుటకు గూడ వెలగల పరికరము లక్కఱలేదు. న్యూఢిల్లీలోని అంతర్విశ్వవిద్యాలయ త్వరణయంత్ర కేంద్రమువారు విద్యాలయములకొఱకే ఎక్స్‌ప్‌ఐస్ అను అల్పవ్యయ సాధనమును రూపొందించియున్నారు. అద్దములను నిలుపు పిడులు, పీటలు మొదలగువానిని స్థానికముగనే చేయించుకొనవచ్చును. నమూనావస్తువులను నిర్మించుటకై తెలంగాణ ప్రభుత్వము ఏర్పఱచిన టీవర్క్స్ అను శాల రాయదుర్గముననే 2023లో ప్రారంభమైనది.

ఇచ్చట ఒక హెచ్చరిక తప్పదు. అల్పవ్యయ మన్నది అజాగ్రత్తకు మాఱుపేరు కారాదు. ఎల్.ఇ.డి., సోడియము దీపములతో కంటికి భయము లేదు. కాని లేసరు కిరణమును కంటి కటకము రెటీనాపై అతిచిన్న బిందువుగా కూర్చును. అచ్చట కాలిన చోటు మఱల బాగుపడదు. 800 నానోమీటర్ల కాంతి కంటికి కానవచ్చియు కానరానట్లుండును. కనబడలేదు గనుక లేదని యెంచుట ప్రమాదము. బజారులోని చౌకరకపు ఆకుపచ్చ లేసరు కడ్డీలలో కొన్ని కంటికి కానరాని పరారుణ కాంతిని గూడ వెడలించును. కావున లేసరు వాడు గదిలో తగిన రక్షణాద్దములు, కిరణమును కంటి యెత్తునకు దిగువనే నడిపించుట, ఉంగరములు గడియారములు తీసివేయుట, ఉపాధ్యాయుడు లేనిదే ముట్టకుండుట — ఈ నియమములను మొదటి పాఠముగా నేర్పవలెను. రక్షణాద్దముల వ్యయమును మాత్రము ఎన్నడును తగ్గింపరాదు.

కొలది పరికరములతో గొప్ప కాంతిశాస్త్రమును సాధించుట మన దేశమునకు క్రొత్త కాదు. సర్ చంద్రశేఖర వేంకట రామనుగారు బాల్యమున విశాఖపట్టణములోని సెంట్ అలోషియస్ హైస్కూలున చదివినవారు. 1928 ఫిబ్రవరి 28వ తేదీన వారు కనుగొన్న కాంతి ధర్మమునకు 1930లో నోబెలు బహుమానము వచ్చెను. ఆ ప్రయోగముల పరికరముల వెల సుమారు 200 రూపాయలని చెప్పుదురు. మన తెలుగువారైన సూరి భగవంతముగారు హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టము పొంది, 1928లో కలకత్తా పోయి రామనుగారి యొద్ద చేరి, 1931లో వారితో కలిసి ఫోటానునకు భ్రమణము కలదని ప్రయోగపూర్వకముగా చూపిరి. అయితే ఈ దృష్టాంతమును తలక్రిందులుగా పట్టుకొనరాదు. "రామనుగారికి 200 రూపాయలు చాలెను గనుక మన కళాశాలకును చాలును" అని ధనము నిచ్చువారు తప్పించుకొనుట న్యాయము కాదు. పరికరము చిన్నదైనను దానిని చేతబట్టి ప్రతిదినము వాడు స్వేచ్ఛ వారికుండెను; మన విద్యార్థులకు ముందుగా లోపించునది అదియే.

ఏలయన, అనేక విద్యాలయములలో పరికరము లేమికంటె పరికరము దాచుటయే హెచ్చు కీడు చేయుచున్నది. వెలగల వస్తువును కొని, "పగులును, చెడును" అని బీరువాలో పెట్టి తాళము వేయుదురు. తనిఖీ దినమున తుడిచి బయటబెట్టుదురు. విద్యార్థి దానిని దూరమునుండి చూచి, బొమ్మ వ్రాసికొని పోవును. అల్పవ్యయ పరికరముల యసలు లాభము ధనము మిగులుట కాదు. చెడినను మఱల చేసికొనవచ్చునను ధైర్యముతో వానిని పిల్లల చేతికి ఇయ్యగలుగుట. పది రూపాయల దీపము కాలిపోయిన నెవ్వరు నేడ్వరు. కాని అది యేల కాలెనో ఆలోచించిన పిల్లవాడు ఒక పాఠమును మఱువక నేర్చికొనును.

తలిదండ్రులకు ఒక్క మనవి. మీ బిడ్డ సైబరాబాదు భవనములలో ఉద్యోగము సంపాదింపవలెనని మీరు కోరుట సహజము. అందు తప్పులేదు. కాని ఆ భవనములను నడుపు కాంతిని చేయువారు, కొలుచువారు, బాగుచేయువారు గూడ ఎక్కడనో ఒకచోట పుట్టి చదువవలెను గదా! వారు మన పిల్లలలోనుండి యేల రాగూడదు? భౌతికశాస్త్రము చదివినవానికి ఫలానా జీతము వచ్చునని నేను చెప్పను. తాను ముట్టి, త్రిప్పి, లెక్కించి తెలిసికొన్న విషయమునందు మనుష్యునకు గలుగు నమ్మకము, చూచి వ్రాసికొన్నదానియందు కలుగదని మాత్రము చెప్పగలను.

ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ సంవత్సరమే చేయదగిన పని యొకటి కలదు. బీరువాలోని మైకెల్సన్ పరికరమును బయటికి తీసి, సోడియము ప్రయోగపు పట్టికలో దూరపు వరుస ప్రక్కన క్రొత్తవరుస నొకదానిని గీసి, దానిపై "కాలము, పికోసెకండులలో" అని వ్రాయుడు. దూరమును రెట్టించి కాంతివేగముచే భాగించి ఆ వరుసను నింపుడు. సెకండులో లక్షకోట్లవ వంతును మన చేతులతోనే కొలిచితిమని ఆ వరుస సాక్ష్యమిచ్చును. ఆ పిమ్మట ఎల్.ఇ.డి.ని తెచ్చుటకు ఎవరును చెప్పనక్కఱలేదు, విద్యార్థులే తెత్తురు.